లవుడు కుశుణ్ణి కరిచాడు

నా అరవై మూడో యేట వానపాముల్ని కత్తెరతో ముక్కలు చెయ్యవలసి వస్తుందని ఏ జ్యోతిష్కుడూ నాకు చెప్పలేదు. చెప్పినా నమ్మివుండేదాన్ని కాదు. పండగ పూట ఉల్లిపాయని కూడా వంటింటి గడప తొక్కనివ్వని ఇల్లు మాది. అటువంటి నేను 2023 వేసవిలో అమెరికాలో డల్లాసు నగరంలో వున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, మూడు నెలల పాటు ఒక నీటిజంతువుకి నర్సుపని చేసి తిరిగివచ్చాను. ఆ జంతువు పేరు ఆక్సొలాటల్. దాన్ని ఇంటికి తెచ్చింది పదకొండేళ్ళ మా మనవరాలు. నర్సుపని నాకు తెచ్చిపెట్టింది మాత్రం నా తప్పే. ఆ తప్పేమిటో దాచకుండా చెబుతాను. పిల్లల ముచ్చట కోసం ఇంట్లో చేపల్నో, కుందేళ్ళనో, మరొకదాన్నో పెంచేవాళ్ళకి ఉపయోగపడవచ్చు.

మొదటిసారి అద్దాల తొట్టిలో దాన్ని చూసి బల్లి అనుకున్నాను. కాని బల్లికి మెడకి రెండు వైపులా మూడేసి కుచ్చు ఈకలు వుండవు గదా! అవి ఈకలు కావు, మొప్పలని మా మనవరాలు చెప్పింది. ఇది కప్పకి దూరపు చుట్టం. కప్పపిల్ల నీళ్ళలో పుట్టి, కొన్నాళ్ళు మొప్పలతో ఊపిరి పీల్చి, కాళ్ళు వచ్చాక మొప్పలు పోగొట్టుకుని గట్టెక్కుతుంది. ఈ మహానుభావుడు నాలుగు కాళ్ళు వచ్చినా మొప్పలు వదలడు, గట్టెక్కడు. పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టి, ముసలిదైపోయినా పిల్లరూపంలోనే వుండిపోతుంది. అడుగు పొడుగు దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే పదేళ్ళు, పదిహేనేళ్ళు బతుకుతుంది. మూతి చూస్తే ఎప్పుడూ చిన్నగా నవ్వుతున్నట్టే వుంటుంది. ఆ నవ్వు చూసే పిల్లలు మోసపోతారు, పెద్దలూ మోసపోతారు.

మా మనవరాలి తొట్టిలో రెండున్నాయి. ఒకటి నల్లనిది, రెండోది గులాబిరంగు కలిసిన తెలుపు. అప్పటికి రెండూ మూడంగుళాల పిల్లలు. ఆడో మగో ఏడాది నిండితే గాని స్పష్టంగా తెలియదట. అయినా, "అమ్మమ్మా, నువ్వే పేర్లు పెట్టు," అంది. నల్లవాడు లవుడు, తెల్లవాడు కుశుడు అన్నాను. రాజమండ్రిలో వున్న మా వారికి ఫోనులో చెబితే ఆయన కూడా సంతోషించారు.

నేను చేసిన ఘనకార్యం

జూన్ నెలలో మనవరాలు బడిపిల్లల వేసవి శిబిరానికి అయిదు రోజులు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం మీద తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, నాకు పనులు రాసిపెట్టింది. ఒకటి: రోజూ సాయంత్రం చెరొక వానపాము. రెండు: ముక్కలు చేసి, పట్టకారుతో, తొట్టికి ఈ చివర లవుడికి, ఆ చివర కుశుడికి విడివిడిగా పెట్టాలి. మూడు: తిన్నాక మిగిలిన ముక్కలు తీసెయ్యాలి. నాలుగు: థర్మామీటరులో 18 డిగ్రీలు దాటకూడదు. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాలకి వెళ్ళి చీకటిపడ్డాక వస్తారు. కనుక భారమంతా నాది.

మొదటిరోజు పని చేశాను. వానపాముల డబ్బా ఫ్రిజ్ లో, నేను చేసిన గోంగూర పచ్చడి పక్కనే వుంది. మూత తీశాను. కత్తెర పట్టుకున్నాను. తరువాత స్నానం చేసి గాని అన్నం తినలేకపోయాను. రెండోరోజు కళ్ళు మూసుకుని ఒక్క వానపామును అలాగే తొట్టి మధ్యలో జారవిడిచి వచ్చేశాను. ఎవరు తిన్నారో చూడలేదు. మూడోరోజు, "నిన్న తిన్నవి గదా, మనం ఏకాదశి ఉపవాసం చెయ్యడం లేదూ!" అనుకున్నాను. నాలుగోరోజు అసలు తొట్టి ఉన్న గదిలోకి వెళ్ళనేలేదు.

ఇది గాక మరొక పని చేశాను. బయట 38 డిగ్రీల ఎండ కాస్తున్నా, ఆ ఇంట్లో చల్లదనం యంత్రం రాత్రింబగళ్ళు నడుస్తూ నాకు కీళ్ళు పట్టేసేవి. 21 దగ్గర వున్న ముల్లు 27కి జరిపాను. నా కీళ్ళు బాగుపడ్డాయి. తొట్టిమీద తిరిగే చిన్న పంకా ఎంత విసిరితేనేం, నీళ్ళు 24 డిగ్రీలకి వేడెక్కాయి. చన్నీటి జంతువు శరీరం నీటి వేడిని బట్టి పనిచేస్తుంది. నీళ్ళు వెచ్చబడితే లోపలి యంత్రం వేగంగా తిరిగి ఆకలి ఎక్కువవుతుంది. అంటే, తిండి తగ్గించిందీ నేనే, ఆకలి పెంచిందీ నేనే!

అయిదోరోజు పొద్దున కాఫీ గ్లాసుతో గదిలోకి వెళ్ళాను. కుశుడు తొట్టి మూలకి నక్కి వున్నాడు. ముందు కుడికాలు మోచేతి దగ్గర నుంచి లేదు. తెల్లని ఒళ్ళు మీద ఎర్రని మొండెం. ఎడమవైపు మొప్ప ఒకటి కొసన కొరికేసి వుంది. లవుడు ఎదుటి మూల యథాప్రకారం నవ్వుతున్నాడు. నా చేతిలో గ్లాసు వొణికింది.

ఎందుకు కరుచుకుంటాయి?

లవుడు దుర్మార్గుడనుకుంటే పొరపాటు. ఆక్సొలాటల్ కంటిచూపు మందం. తన ముందు చిన్నది ఏది కదిలినా, తిండి వాసన ఏవైపు నుంచి వచ్చినా, గభాలున నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి పీల్చుకుంటుంది. అది వానపామా, తమ్ముడి వేళ్ళా అన్న విచారణ తరువాత సంగతి. దాని పళ్ళు నమలడానికి కాదు, జారిపోకుండా పట్టుకోవడానికి. చిన్న పిల్లకాలిని పట్టుకుని గుంజితే ఊడివస్తుంది. ముందుకాళ్ళు వచ్చినప్పటి నుంచి కొన్ని అంగుళాలు పెరిగేదాకా ఈ అలవాటు మరీ ఎక్కువ. పెద్దవైతే తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

ఆకలి, ఇరుకు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం, ఇద్దరికీ ఒకేచోట తిండి పడెయ్యడం — కాట్లకి కారణాలు ఇవే. కుశుడు లవుడికన్నా కొంచెం చిన్నవాడు. నేను రెండోరోజు మధ్యలో పడేసిన వానపాము దగ్గరకి ఇద్దరూ ఒకేసారి వచ్చివుంటారు. ఆ తరువాత రెండు రోజులు అదీ లేదు.

మా అమ్మాయికి ఫోను చేశాను. మధ్యాహ్నానికల్లా సెలవుపెట్టి వచ్చింది. అల్లుడు ఫోనులోనే, "బెంగపడకండి అత్తయ్యగారూ, వాటికి కాళ్ళు మళ్ళీ మొలుస్తాయి," అన్నాడు. నా గుండె కాస్త కుదుటపడింది. ఇటువంటి జంతువులకి వైద్యం చేసే డాక్టరుతో అమ్మాయి మాట్లాడింది. ఆయన అల్లుడి మాట కాదనలేదు గాని, ఒక ముక్క చేర్చాడు. కాలు మొలిపించుకోవడం దాని పని. మొలిచేదాకా పుండు కుళ్ళకుండా చూడడం మీ పని అన్నాడు. నా కుదుటపడ్డ గుండె మళ్ళీ కొట్టుకుంది.

ఆయన చెప్పగా మేము చేసిన చికిత్స

మొదటిపని విడదియ్యడం. గాయపడినదాన్ని వలతో పట్టకూడదు. వల దారాల్లో మొప్పలూ వేళ్ళూ చిక్కుకుంటాయి. నీళ్ళలోనే ఒక గిన్నె ముంచి, దాన్ని మెల్లగా అందులోకి తోలి, నీళ్ళతో సహా ఎత్తాము. మూతకి బెజ్జాలున్న ఒక కొత్త ప్లాస్టిక్ టబ్బు దానికి ఆసుపత్రి అయింది. సబ్బు తగిలిన పాత్ర పనికిరాదు.

రెండోది నీళ్ళు. కొళాయినీటిలో క్లోరిన్ వుంటుంది. అది మనకి మంచిదే గాని మొప్పలకి విషం. చేపల తొట్లకి వాడే విరుగుడు చుక్కలు కలిపిన తరువాతే వాడాలి. కలబంద రసం కలిపిన చుక్కలు కొన్ని వస్తాయి. అవి ఈ జంతువుకి పడవు. టబ్బులో నీటిని శుభ్రంచేసే ఫిల్టరు వుండదు కనుక, మలమూత్రాల నుంచి పుట్టే అమోనియా అందులోనే వుండిపోయి పచ్చిపుండునీ మొప్పల్నీ కాలుస్తుంది. అందుకని రోజూ నీళ్ళన్నీ మార్చాలి. మేము రెండు టబ్బులు పెట్టుకున్నాము. ఒకదానిలో రోగి, రెండోదానిలో రేపటి నీళ్ళు పక్కపక్కనే వుంటే రెండింటి చల్లదనం ఒకటే వుంటుంది. రోజూ పొద్దున కాఫీకన్నా ముందు నేను చేసే పని ఆ టబ్బు మార్పు.

మూడోది చల్లదనం. 16 నుంచి 18 డిగ్రీలు. వెచ్చని నీటిలో పుండుమీద బూజు తొందరగా పడుతుంది. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, ఆ సీసాని టబ్బులో తేల్చేవాళ్ళం. ఒక్కసారిగా చల్లబరచకూడదు, నెమ్మదిగా దించాలి. ఇంటి యంత్రం ముల్లు మళ్ళీ 21కి పోయింది. నేను శాలువా కప్పుకున్నాను.

నాలుగోది, ఏమీ పుయ్యకపోవడం. నా చెయ్యి పసుపు డబ్బా మీదకే పోయింది. అమ్మాయి ఆపింది. ఈ జంతువు చర్మం వడకట్టే గుడ్డలాంటిది. పైన రాసినదల్లా లోపలికి పోతుంది. మనుషులకి వాడే పసుపూ, టింక్చరూ, మలాములూ ఏవీ పనికిరావు.

నాలుగోరోజున కొరికిన మొప్ప మీద తెల్లగా దూదిపింజలాంటిది కనిపించింది. అదే బూజు. దానికి డాక్టరు చెప్పినది ఉప్పునీటి స్నానం. అయొడిన్ కలపని ఉప్పు, లీటరు నీటికి రెండు చిన్న చెంచాలు, పూర్తిగా కరిగాక, టబ్బు నీళ్ళంత చల్లగా వుండగా, పది నిమిషాలు. పదిహేను దాటకూడదు, దాటితే ఉప్పే చర్మాన్ని, మొప్పల్ని దెబ్బతీస్తుంది. రోజుకి రెండుసార్లు. గడియారం చూస్తూ నిలబడటం నా వంతు. మూడోనాటికి దూది రాలిపోయింది.

ఇంకొక మందు చూసి మాత్రం నవ్వొచ్చింది. అమ్మాయి చేపల దుకాణం నుంచి ఒక పొట్లం తెచ్చింది. విప్పితే ఎండిపోయిన బాదం ఆకులు! రాజమండ్రిలో మా పెరటి బాదంచెట్టు రాల్చే ఆకుల్ని పొద్దున్నే వూడ్చలేక నేను విసుక్కుంటాను. అక్కడ వాటిని లెక్కపెట్టి డాలర్లకి అమ్ముతున్నారు. ఆ ఆకు నీళ్ళలో వేస్తే పలచని టీ రంగు దిగుతుంది. అందులోని వగరు పదార్థం బూజుని కొంత అణుస్తుంది. చేపలు పెంచేవాళ్ళు దాన్ని చాలాకాలంగా వాడుతున్నారు. పెద్ద జబ్బుకి అది మందు కాదు, చిన్న సాయం మాత్రమే.

తిండి మానెయ్యడం, గాయం చుట్టూ వాపు, ఒంటిమీద ఎర్రని చారలు, మొప్పలు ముందుకి ముడుచుకోవడం, తోకకొస చుట్టుకోవడం — ఇవి కనిపిస్తే ఇంటివైద్యం చాలించి డాక్టరు దగ్గరకి తీసుకుపోవాలి. కుశుడు మొదటిరోజు ఏమీ ముట్టలేదు. రెండోరోజు రాత్రి చిన్న ముక్క మింగాడు. మా అమ్మాయి పదోతరగతి పాసైననాడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

దేవుడు దాక్కున్న కథ

అన్నిటికన్నా కష్టమైనది వేరే వుంది. ఆ సాయంత్రం మనవరాలు శిబిరం నుంచి వచ్చి, సంచి భుజాన వుండగానే టబ్బు దగ్గర కూర్చుంది. ఏడవలేదు. చాలాసేపు చూసి, "అమ్మమ్మా, రోజూ పెట్టావా?" అంది.

"పెట్టానమ్మా," అన్నాను.

అది మరి మాట్లాడలేదు. మూడు రోజులు గడిచాయి. నాలుగోరోజు, ఉప్పునీటి స్నానానికి గడియారం చూస్తూ వుండగా, ఆక్సొలాటల్ కథ చెబుతానంది. మెక్సికో దేశపు ఆజ్టెక్ జాతివాళ్ళకి షొలోటల్ అని ఒక దేవుడు. సూర్యుడు కదలాలంటే దేవతలందరూ ప్రాణాలివ్వవలసి వచ్చిందట. షొలోటల్ భయపడి పారిపోయాడు. మొక్కజొన్న చేలో జంటమొక్కై దాక్కున్నాడు, కనిపెట్టారు. మాగే అనే మట్టజాతి మొక్కై దాక్కున్నాడు, కనిపెట్టారు. చివరికి నీళ్ళలోకి దూకి ఆక్సొలాటల్ అయ్యాడు. అక్కడా దొరికిపోయాడు.

"దేవుడు కూడా దాక్కోలేకపోయాడు, అమ్మమ్మా!" అని నవ్వింది.

దాని నవ్వులో ఏమీ లేదు. కాని నాకు ముల్లు గుచ్చుకుంది. పది నిమిషాలూ అయ్యాక, కుశుణ్ణి మంచినీటిలోకి మార్చి, చేతులు కడుక్కుని చెప్పేశాను. "నేను పెట్టలేదే. రెండు రోజులు అసలు పెట్టలేదు. అసహ్యం వేసింది. ఇల్లు వెచ్చబెట్టింది కూడా నేనే."

"నాకు తెలుసు," అంది. "వచ్చినరోజే డబ్బాలో వానపాములు లెక్కపెట్టాను. ఏడు ఎక్కువున్నాయి."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని," అంది. కాసేపాగి, "అసహ్యమైతే నాకు ముందే చెప్పాల్సింది అమ్మమ్మా. గుళికల తిండి కూడా దొరుకుతుంది. నాన్నని పెట్టమనేదాన్ని," అంది.

నిజమే. చెయ్యలేని పనిని చేస్తానని ఒప్పుకోవడమే నేను చేసిన తప్పు. ఆ రాత్రి ఫోనులో మా వారికి అంతా చెప్పాను. "వాలి సుగ్రీవులని పేరు పెట్టాల్సింది," అన్నారు. ఆయన వేళాకోళానికి ఆ రోజు కోపం రాలేదు.

కాలు మొలిచిన విధం

తెగిన అవయవం మొలిపించుకునే ఈ జాతి శక్తిని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చూస్తున్నారు. ఇటలీ దేశపు స్పలాన్‌జానీ 1768లోనే దీని చుట్టాలైన సలమాండర్ల మీద ఈ సంగతి రాశాడు. 1864లో మెక్సికో నుంచి ముప్పైనాలుగు ఆక్సొలాటల్ లు పారిస్ చేరాయి. వాటిలో ఆరింటిని ద్యుమెరిల్ అనే ప్రొఫెసరు పెంచి 1865లో పిల్లల్ని చేయించాడు. కాళ్ళే కాదు, తోకా, మొప్పలూ, వెన్నుపాములో భాగం, గుండెలోనూ మెదడులోనూ కొంత భాగం తిరిగి కట్టుకోగలదు. 2018లో దీని జన్యుపటం మొత్తం చదివారు. మనిషిదానికన్నా సుమారు పదిరెట్లు పెద్దది.

మేము చూసింది ఇది. ఒకటిరెండు రోజుల్లో మొండెం మీద పలచని చర్మం కప్పుకుంది. మచ్చ కట్టలేదు. మనకైతే గట్టి మచ్చ ఏర్పడి పని అక్కడితో ముగుస్తుంది. దీనికి ఆ చర్మం కిందనే పని మొదలవుతుంది. రెండో వారంలో చిన్న మొగ్గ కనిపించింది. మొగ్గ పెరిగి, కొస చదునై, తెడ్డులా అయింది. ఆ తెడ్డులో సన్నని గీతలు పడి, ఆరో వారానికి నాలుగు వేళ్ళు విడివడ్డాయి. ముందుకాలికి వేళ్ళు నాలుగే, వెనకకాలికి అయిదు. మొదట పసిపాపచెయ్యి పెద్దవాడికి అతికించినట్టు చిన్నదిగా వుండి, తరువాత మెల్లగా రెండోదానితో సమానమయింది. పిల్లలకి త్వరగా వస్తుంది. పెద్దవాటికి నెలలు పడుతుంది.

ఎలాగూ మొలుస్తుంది గదా అని ఊరుకోకూడదు. అదే చోట మళ్ళీ మళ్ళీ తెగితే వేళ్ళు తగ్గవచ్చు, వంకర రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. మొలిపించుకునే శక్తి వుంది గనుక నొప్పి లేదనుకోవడం మన సౌకర్యం కోసం మనం చెప్పుకునే మాట.

లవుణ్ణి, కుశుణ్ణి మళ్ళీ కలపాలా అన్న ప్రశ్న వచ్చింది. డాక్టరు రెండు దారులు చెప్పాడు. రెండూ ఆరంగుళాలు దాటి సమానంగా వున్నప్పుడు, పెద్ద తొట్టిలో, చెరొక దాగుడుచోటుతో, విడివిడిగా తిండి పెడుతూ కలపవచ్చు. ఆడా మగా అయితే మాత్రం వద్దు, వందల గుడ్లు పెడుతుంది. లేదా ఎప్పటికీ వేరుగా వుంచవచ్చు. దీనికి తోడు లేదన్న దిగులు వుండదు. మా మనవరాలు రెండోదారే పట్టింది. కొత్త తొట్టికి డబ్బు నేనిచ్చాను. అడుగున గులకరాళ్ళు వెయ్యలేదు, మింగి చస్తాయి. సన్నని ఇసక పోశాము. ఒక మట్టికుండని పక్కకి పడుకోబెడితే అది కుశుడి ఇల్లయింది.

వీటి సొంత ఊరు మెక్సికో నగరం దక్షిణాన వున్న షొచిమిల్కో కాలవలు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకి సుమారు 6,000 వుండేవి; 2014 నాటికి 36కి పడిపోయాయి. పట్నపు మురుగూ, మనుషులు తెచ్చి వదిలిన కార్పు, తిలాపియా చేపలూ వాటిని తినేశాయి. మెక్సికోవాళ్ళు 2021లో 50 పెసోల నోటు మీద దీని బొమ్మ వేశారు. ఇళ్ళలో పెరిగేవి తొట్లలో పుట్టినవే గాని కాలవలో పట్టినవి కావు. వీటి వ్యాపారం మీద అంతర్జాతీయ నిబంధనలున్నాయి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో పెంచనివ్వరు. మోజుపడేవాళ్ళు ముందు చట్టం కనుక్కోవాలి. ఆ తరువాత వానపాముల డబ్బా మూత తియ్యగలరో లేదో తమను తామే అడగాలి.

నేను సెప్టెంబరులో బయలుదేరే ముందురోజు సాయంత్రం పట్టకారు నా చేతికిచ్చింది మనవరాలు. కత్తెర కూడా. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ముక్క నోటిదగ్గర పెట్టగానే కుశుడు గభాలున లాక్కున్నాడు. కొత్తకాలు ఇసకలో ఆనించి నిలబడ్డాడు. లెక్కపెట్టాను. నాలుగు వేళ్ళూ వున్నాయి.

తరువాత స్నానం చేశాను. అది మాత్రం మానలేదు.